దించడం తెలిసిన బావ

గురువారం పొద్దున పదిన్నరకి అక్క ఫోన్ చేసింది. ఆటోనగర్‌లో మా షెడ్డులో లేతు మిషన్లు తిరుగుతుంటే ఫోన్‌లో సగం మాటలు వినపడవు. బయటికి వచ్చి మళ్లీ నేనే చేశాను. "మీ బావ లేవట్లేదురా," అంది. "టీ తాగి గ్లాసు కింద పెట్టారు. పేపరు చదివి వినిపిద్దామని కళ్లజోడు కోసం లోపలికెళ్లాను. వచ్చేసరికి..." నేను మధురవాడ చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు కూడా.

మధ్యాహ్నానికి పోర్టులో ఆయనతో పనిచేసినవాళ్లు వ్యాను కట్టించుకుని వచ్చారు. అందులో ఒకాయన నా చెవి దగ్గరికి వంగి "కొండ మీదేనా?" అని అడిగాడు. మెల్లగానే అడిగాడు గానీ అక్క వినేసింది. ఏడుపు ఆపి, "కొండ మీద కాదండి, కుర్చీలో. కొండ ఆయన్నేం చెయ్యలేదు," అని గట్టిగా చెప్పి మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది. ఆ మాట అంత గట్టిగా ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా బావ పోర్టులో క్రేన్ ఆపరేటరు. మా నాన్న స్టీలుప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చినవాడు. అక్కకి ఇక్కడి సంబంధం కుదిరినప్పుడు మా వాళ్లంతా పిల్లాడి ఉద్యోగం చూసి సరే అన్నారు, పిల్లాడి మాట విని మూతి విరిచారు. పెళ్లిపీటల మీద "నాను రడీ" అన్నాడని మా మేనత్త ఏడాదిపాటు చెప్పుకుని నవ్వింది. అక్క మాత్రం ఆ యాసని మొదటి నెలలోనే ఇష్టపడింది. బావ అన్నవాడు బామ్మర్దిని పేరుపెట్టి పిలవాలి కదా, ఆయన నన్ను కూడా బావా అనే పిలిచేవాడు. మేమిద్దరం బజార్లో నడుస్తుంటే ఎవరు ఎవరికి బావో బయటివాళ్లకి తేలేది కాదు.

మధురవాడ అవతల ఆయన స్థలం కొన్నప్పుడు అక్కడ నక్కలు అరిచేవి. బస్సు దిగి అరగంట నడవాలి. "పోర్టులో పనిచేస్తూ ఊరికి ఈ కొసన ఇల్లేంటయ్యా?" అని మా నాన్న నెత్తి కొట్టుకున్నాడు. బావ వేలు చూపించి, "అదిగో మావయ్యా, దాని కోసం," అన్నాడు. ఆయన చూపించింది కంబాలకొండ. వారానికి ఆరు రోజులు ఇనుప గదిలో కూర్చునే మనిషికి ఏడో రోజు అడవి కావాలట. మా నాన్నకి అది పిచ్చిలాగే కనపడింది.

ఆ కొండల్లోకి ఆదివారం ఆదివారం ఆయన సైకిలు మీద వెళ్లేవాడు. ఫారెస్టు జీపు వెళ్లే మట్టిదారి కొంత, పశువులు నడిచిన దారి కొంత. గేటు దగ్గర వాచరుకి చెప్పి లోపలికి వెళ్తే ముందు ఎర్రమట్టి ఎత్తు, మూడు మలుపులు. తర్వాత శిఖరం వెంబడి చెట్లు పల్చబడి కాస్త తెరిపి, అక్కణ్నుంచి సముద్రం కనపడుతుంది. ఆపైన రాళ్లు తేలిన పొడుగు వాలు, వాగు, చెరువుగట్టు, చిన్న ఎత్తొకటి, చివరగా కల్వర్టు దాకా దిగే ఇంకో వాలు. చుట్టు తిరిగి మళ్లీ గేటు దగ్గరికే. పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో, కొలవలేదు. మరీ ప్రాణాలు తీసే దారి కాదు, అలాగని కబుర్లు చెప్పుకుంటూ తొక్కే దారీ కాదు. ఆగి నీళ్లు తాగే చోట్లకి ఆయన, పోర్టులో ఓడలు ఆగే చోట్లకిలాగే, ఒకటో బెర్తు, రెండో బెర్తు అని పేర్లు పెట్టుకున్నాడు. మూడో బెర్తు దగ్గర ఉప్పు, నిమ్మకాయ తీసేవాడు. అంతకుముందు అడిగితే ఇచ్చేవాడు కాదు.

తొంభైల నడిమిలో నాకు మొదటిసారి జీతం పెరిగినప్పుడు ద్వారకా నగర్ వెళ్లి పద్దెనిమిది గేర్ల సైకిలు కొన్నాను. లావు టైర్లు, ఎర్ర రంగు. దాన్ని బావకి చూపించాలని ఆ ఎండలో మధురవాడ దాకా తొక్కుకుంటూ వెళ్లాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు, బొటనవేలితో టైరు నొక్కాడు.

"పద్దెనిమిది గేర్లేటి బావా? నీకు కాళ్లు రెండే కదేటి?"

ఆయనది నల్లటి మామూలు సైకిలు. పాలవాళ్ల దగ్గర ఉండే రకం. దానికి వెనక బ్రేకు రబ్బర్లు మాత్రం ప్రతి నెలా మార్చేవాడు. పాంటు అంచులు చైనులో పడకుండా పాత ట్యూబు ముక్కలు కాళ్లకి చుట్టుకునేవాడు. ఆ అవతారం చూసి నవ్వుకుంటూ ఆయన వెనక కొండకి బయల్దేరాను.

ఎత్తులో నేను గెలిచాను. గేర్లు మార్చుకుంటూ మూడు మలుపులూ ఎక్కేసి, పైన నిలబడి, "ఏంటి బావా, ఇంకా రాలేదు?" అని అరిచాను. ఆయన మెల్లగా వచ్చి చెమట తుడుచుకున్నాడు. వాలు మొదలయ్యే చోట దిగి రెండు టైర్లలోంచీ కాస్త గాలి తీశాడు. "నువ్వూ తీయి. నేల పట్టుద్ది," అన్నాడు. నేను వినలేదు. అంత కష్టపడి ఎక్కింది దిగడానికే కదా అనుకుని వదిలేశాను.

వాలులో మూడో రాయి దగ్గరే ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. ఎడమ మణికట్టు విరిగింది. బావ వచ్చి నా పక్కన కూర్చుని, ఓ కర్ర విరిచి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. రెండు సైకిళ్లూ తనే నడిపించుకుంటూ వస్తూ, చెరువుగట్టు దగ్గర మాత్రం ఒక మాట అన్నాడు.

"ఎత్తడం ఎవుడైనా ఎత్తుతాడు బావా. దించడమే పని."

అది కొండ గురించి అన్న మాట కాదు, ఆయన ఉద్యోగం గురించిన మాట. క్రేన్ మీద కొత్తగా వచ్చినవాళ్లు బరువు లేపగానే మొనగాళ్లమనుకుంటారట. లేపేది మోటారు, మనిషి కాదు. గాల్లో ఊగే బరువుని ఊపు చంపి, ఓడ అడుగున నిలబడ్డ కూలీ పాదం పక్కన చప్పుడు లేకుండా పెట్టినప్పుడే వాడు ఆపరేటరు.

చెయ్యి బాగయ్యాక కూడా నాకు వాలంటే భయం పోలేదు. దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవాణ్ని. బావ చూసి చూసి ఒకరోజు పెరట్లో నూతి దగ్గరికి తీసుకెళ్లాడు. చేద చేతికిచ్చి, "నీళ్లు తాకినప్పుడు సప్పుడు రాకూడదు. దించు," అన్నాడు. నేను దించాను, దబ్బున మోగింది. మళ్లీ దించాను. తాడు గట్టిగా పట్టుకుంటే చేద ఆగి ఊగుతుంది, వదిలేస్తే పడుతుంది. పట్టీ పట్టకుండా, వదిలీ వదలకుండా వేళ్ల మధ్య జారనివ్వాలి. బ్రేకు కూడా అంతేనట. ఇద్దరం గంటసేపు నూతిలోకి తొంగిచూస్తూ నిలబడితే అక్క వంటింట్లోంచి వచ్చి, "రెండు చేదలు నీళ్లు తోడమంటే తపస్సు చేస్తున్నారేంటి ఇద్దరూ?" అని చేద లాక్కుంది. ఆ తర్వాత నాలుగైదు నెలలకి నేను వాలులో దిగకుండా రావడం నేర్చుకున్నాను. బాగా వచ్చానని కాదు, పడకుండా వచ్చాను. ఆయన వెనక, ఆయన ఎక్కడ పట్టి ఎక్కడ వదులుతున్నాడో చూస్తూ.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు మెడికల్ పరీక్షలో ఆయన కళ్లు తప్పాయి. కంటిలో ఒత్తిడి పెరిగి చుట్టుపక్కల చూపు తినేసిందన్నారు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది కనపడదు, గొట్టంలోంచి చూసినట్టు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడు. పోర్టువాళ్లు ఆయన్ని క్రేన్ మీంచి దించి స్టోర్సులో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు. మనిషి తగ్గాడు. మాట అడిగితే మాట, లేకపోతే లేదు. అన్నంలో కూర కలుపుకోవడం మర్చిపోయి ఉత్త అన్నం తినేవాడని అక్క చెప్పింది.

అక్క నన్ను పక్కకి పిలిచి చెయ్యి చాపింది. "ఆయన్ని కొండకి తీసుకెళ్లనని ఒట్టెయ్. పక్కనేముందో కనపడని మనిషి ఆ రాళ్లలో పడితే ఎవరు తెచ్చిస్తారు నాకు?" ఒట్టేశాను. అక్క సైకిలు తీసుకెళ్లి పెరటి గదిలో పెట్టి తాళం వేసింది. రెండు నెలలు ఆదివారాలు మేము అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు వలుచుకుంటూ గడిపాం. కొండ ఎదురుగానే ఉంది. ఆయన అటు మొహం పెట్టి కూర్చునేవాడు కాదు.

ఒకనాడు ఉన్నట్టుండి, "బావా, నువ్వు ముందెల్లు. నీ సెయ్యి నాకు కనపడితే సాలు," అన్నాడు.

"ఏం మాటలు బావా? నీకు దారే కనపడదు."

"నాను పాతికేళ్లు ఏటి సేసాననుకుంతన్నావ్? ఓడ కడుపులో అడుగు నాకెప్పుడైనా కనపడిందేటి? గట్టు మీద సిగ్నల్ మేన్ సెయ్యి ఒక్కటే కనపడీది. ఆ సెయ్యి నమ్మి పది టన్నులు కనపడని గోతిలోకి దించీసీవోణ్ని. ఇప్పుడు దించాల్సింది నన్నొక్కణ్నే కదేటి."

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. చేపలు తెస్తామని అక్కకి చెప్పి, పెరటి గది తాళంచెవి బియ్యం డబ్బాలో ఉందని బావ ఎలాగో కనిపెట్టి, ఇద్దరం దొంగల్లా బయటపడ్డాం.

గేటు దగ్గర ఆయన నన్ను నిలబెట్టి నేర్పాడు. పిడికిలి బిగిస్తే ఆగు. చూపుడువేలు కిందికి తిప్పితే వాలు వస్తోంది. అరచెయ్యి ఎటు చాపితే అటు తిరుగు. చెయ్యి బాగా కనపడాలని నాకు తన తెల్ల పొడుగు చేతుల చొక్కా తొడిగించాడు, అది నాకు మోకాళ్ల దాకా వచ్చింది. రెండు కట్టుబాట్లు పెట్టాడు. "ఎనక్కి తిరిగి సూడకు. సిగ్నల్ మేన్ సరుకుని అనుమానిత్తే ఆపరేటరు సెయ్యి వణుకుద్ది. రెండోది, నీ సెయ్యి ఊరికే కదలకూడదు. దురదెట్టినా సరే."

ఎత్తు బాగానే ఎక్కాం. తెరిపిలోకి వచ్చాక ఎదురుగా వాచరు కట్టెల మోపుతో వస్తున్నాడు. మర్యాదస్తుణ్ని కదా, కుడిచెయ్యి చాపి "బాగున్నావా?" అని పలకరించాను. వెనక బరబరమని చప్పుడైంది. బావ బుద్ధిగా కుడికి తిరిగి ముళ్లపొదలోకి వెళ్లిపోయాడు. నేను, వాచరు పరిగెత్తాం. పొద లోపల్నుంచి తాపీగా మాట వినపడింది.

"సిగ్నలు బాగానే ఉంది బావా. సరుకు ఇక్కడెందుకు దించమన్నావో అదే తెలీనేదు."

రెండు నెలల తర్వాత ఆయన నవ్వడం అదే. ముగ్గురం అక్కడే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. మొహమంతా గీతలు, చొక్కా చిరుగులు. ఆ నవ్వుతోనే వాలు మొత్తం దిగాం, నేను ముందు, ఆయన వెనక. చేపల సంగతి ఇల్లు చేరేదాకా ఇద్దరికీ గుర్తు రాలేదు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "చేపలేవి?"

"మంచివి దొరకలేదక్కా."

అక్క బావ చెంప మీద గీతలు చూసింది, నా మోకాళ్ల మీద ఎర్రమట్టి చూసింది. "సముద్రంలో ముళ్లపొదలు ఎప్పుడు మొలిచాయిరా?" అంది.

"దొరికిపోనాం బావా," అన్నాడు ఆయన.

ఆ పూట అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. చేతులు కడుక్కున్నాక అంది, నాతో కాదు, ఆయనతో. "కళ్లు పోతే పోయాయి, మనిషి మిగిలాడని సరిపెట్టుకున్నాను. ఆ మనిషిని కూడా రాళ్లలో పారేసుకోమంటారా?"

బావ తల దించుకున్నాడు. "కొండకి ఎల్లకపోతే మాత్రం నానున్నానేటి? స్టోర్సులో రిజిస్టరు ముందు కూసున్నోడెవుడో నాకే తెలీదు. ఆణ్ని నువ్వు ఇంటికి తెచ్చుకుంతన్నావ్, అంతే," అన్నాడు.

తర్వాతి ఆదివారం మేము అడగకుండానే అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపి మాతో వచ్చింది. గేటు లోపల చివరి వాలు కింద కల్వర్టు మీద కూర్చుంది. చుట్టు తిరిగి రావడానికి మాకు రెండు గంటలు పట్టింది. వాలు పైనుంచి కింద దాకా అక్క కళ్లు ఆయన మీదే ఉన్నాయి. నా మీద ఎవరి కళ్లూ లేవు. నేను పడినా చూసేవాళ్లు లేరు. బావ నా చెయ్యి చూసుకుంటూ మనిషి నడక వేగంతో వచ్చి, సరిగ్గా అక్క చెప్పుల దగ్గర చక్రం ఆపాడు. అక్క లేచి చీర దులుపుకుంది.

"అన్నం చల్లారిపోతుంది, పదండి," అంది.

అంతకుమించి అనుమతి మేము అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు. వానపడ్డ వారం మానెయ్యాలి, పదకొండు దాటకూడదు అని రెండు షరతులు పెట్టింది. పెరటి గదికి మళ్లీ తాళం వెయ్యలేదు.

అలా ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో నా పెళ్లయింది, నాన్న పోయాడు, షెడ్డు మారాను. ఆదివారం మారలేదు. మా ఆవిడ మొదట్లో సణిగేది. ఒకసారి బావ ఆవిడకి నూతిలో చేద దించడం నేర్పాడు, ఆ తర్వాత మానేసింది. నేను ముందు ఉండటం వల్ల నాకే ఎక్కువ మేలు జరిగింది. వెనక ఒక మనిషి నా చేతిని నమ్ముకుని వస్తుంటే భయపడటానికి తీరిక ఉండదు. ఏ రాయి దగ్గర పట్టాలో, ఏ మలుపులో వదలాలో ఆయన కోసం చూసుకుంటూ నేను వాలు నేర్చుకున్నాను. ఇవాళ ఆ కొండ మీద నాకంటే బాగా దిగేవాళ్లు నలుగురైదుగురు ఉంటారు, అంతే. ఇది గొప్పకి చెప్పడం లేదు. నేర్పినవాడి ఖాతాలో వేసి చెప్తున్నాను.

మధురవాడలో నక్కలు పోయి ఆఫీసులొచ్చాయి. కొండలోకి కుర్రాళ్లు రావడం మొదలుపెట్టారు. హెల్మెట్లు, చేతి తొడుగులు, జీతమంత ఖరీదైన సైకిళ్లు. ఎత్తులో మమ్మల్ని దాటుకుని ఈలలేస్తూ వెళ్లేవాళ్లు. నేను చిరాకుపడితే బావ, "ఎల్లనీ. కింద కలుత్తారు," అనేవాడు. నిజంగానే వాగు దగ్గర ఎవడో ఒకడు మోచెయ్యి పట్టుకుని కూర్చుని ఉండేవాడు. బావ సంచిలోంచి నిమ్మకాయ తీసిచ్చి, వాడి టైర్లు నొక్కి చూసి, గాలి తీసేవాడు. వాళ్లలో ఒకడు నన్ను చూపించి, "అంకుల్, ఈయన మీ కోచ్చా?" అని అడిగాడు. బావ చాలా గంభీరంగా, "కాదు బాబూ, నా సిగ్నల్ మేన్," అన్నాడు. నాకు ఏ ప్రమోషనూ అంత సంతోషం ఇవ్వలేదు.

ఎవరైనా కళ్ల గురించి జాలిగా అడిగితే ఆయనకి నచ్చేది కాదు. "కనపడినంత కాలం సూసినవన్నీ ఎక్కడికి పోతాయి? లోపలే ఉంటాయి," అనేవాడు. రిటైరయ్యాక పోర్టు వైపు వెళ్లడం మానేశాడు. పాత సావాసగాళ్లు వస్తే మాత్రం అందర్నీ ఒకటే అడిగేవాడు, ఇప్పుడు సరుకు దించేవాడు ఎవడు, ఎలా దించుతున్నాడు అని. ఎత్తేదెవడని అడగ్గా నేను వినలేదు.

ఆయన పోవడానికి ముందు ఆదివారం కూడా వెళ్లాం. ఆ రోజు ఎండ మెత్తగా ఉంది. మూడో బెర్తు దగ్గర ఉప్పు నిమ్మకాయ నాకి, "ఈ వారం బాగా దిగావు బావా," అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అరుదు. ఎందుకన్నాడో అడగలేదు. తర్వాత అడగవచ్చులే అనుకున్నాను.

పదో రోజు కార్యక్రమం అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక అక్క నన్ను అరుగు మీద కూర్చోమంది. చేతిలో కళ్లాసుపత్రి కాగితాల కట్ట ఉంది, దాన్ని విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఒరే, నీకొక మాట చెప్పాలి. చెప్పొద్దన్నారు గనక ఇన్నాళ్లూ చెప్పలేదు. నీ చెయ్యి ఆయనకి కనపడి రెండేళ్లయిందిరా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి నా వెనక ఎలా వచ్చేవాడు?"

"నీ చక్రం చప్పుడు పట్టుకుని. వాలులో నువ్వు తొక్కడం ఆపి వదిలేస్తావు చూడు, అప్పుడు వెనక చక్రంలో కటకటమంటుందట. ఆ కటకట జోరుగా ఉంటే నువ్వు వదిలేసినట్టు, మెల్లగా ఉంటే బ్రేకు పట్టినట్టు. మలుపులెలాగూ ఆయనకి కంఠస్థం."

"ఎక్కేటప్పుడో? తొక్కుతుంటే ఆ చప్పుడుండదుగా."

"ఎక్కేటప్పుడు నువ్వు రొప్పుతావట. ఆ రొప్పు సింహాచలం దాకా వినిపిస్తుందన్నారు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒక సంగతి మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు నా సైకిలు రిపేరుకిచ్చి స్నేహితుడి కొత్త సైకిలు తెచ్చాను. దాని చక్రం నూనెలో ఈదినట్టు తిరిగేది, చప్పుడే లేదు. ఆ రోజు బావ గేటు దాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చి, నాలుగడుగులు తొక్కి, మోకాలు నొప్పి అని వెనక్కి తిరిగాడు. మోకాలికి రాయమని నేను మందు కూడా కొనిచ్చాను. ఆయన రాసుకున్నాడు కూడా.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నువ్వు ముందుకెళ్తావా? 'ఆడికి సెప్తే ఇంక కొండకి రాడే, ఆడికి బయ్యం' అన్నారు."

నిజమే. వెళ్లేవాణ్ని కాదు. ఆయన్నీ వెళ్లనిచ్చేవాణ్ని కాదు. మంచి చేస్తున్నాననుకుని రెండేళ్ల ఆదివారాలు ఆయన దగ్గర లాక్కునేవాణ్ని. "నీకు తెలిసీ ఎలా పంపావు?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

అక్క కాగితాల కట్ట పక్కన పెట్టింది. "నాకు తెలిసినప్పుడు నేనూ అరిచాను. రెండు రోజులు అన్నం మానేశాను. తర్వాత ఆదివారం మీకు చెప్పకుండా వెనకే ఆటోలో వచ్చి, వాలు కింద చెట్టు చాటున నిలబడ్డాను. ఆయన్ని అక్కడే పట్టుకుని సైకిలు విరగ్గొట్టించేద్దామనే వచ్చాను. నువ్వు ముందు వస్తున్నావు, ఆ పెద్ద చొక్కా వేసుకుని, ఎవరో చూస్తున్నట్టు వేలు తిప్పుకుంటూ. నీ వెనక ఆయన కళ్లు మూసుకుని వస్తున్నారురా. రెండు కళ్లూ మూసుకుని. పెళ్లయిన కొత్తలో కూడా ఆ మొహంలో అంత నవ్వు చూడలేదు నేను. ఇంకేం ఆపను? మీకంటే ముందు ఇంటికొచ్చి అన్నం వండాను."

రెండేళ్లు నా వెనక ఆ నవ్వు ఉంది. నేను ఒక్కసారీ తిరిగి చూడలేదు. చూడొద్దన్నాడు గనక చూడలేదు. నాకు దుఃఖం వచ్చింది, దాచుకోలేదు. అక్క కూడా ఏడ్చింది. కాసేపటికి లేచి ఇద్దరికీ టీ పెట్టింది.

మర్నాడు ఆదివారం. ఒక్కణ్నే వెళ్లాను. వాచరు గేటు దగ్గర నా వెనకవైపు చూసి, తల పంకించి పక్కకి జరిగాడు. ఎత్తు ఎక్కాను, తెరిపి దాటాను, రాళ్లవాలు దిగాను, చెరువుగట్టు మీంచి వచ్చాను. అంతసేపూ ఏదో ఆలోచిస్తూనే ఉన్నాను. ఆఖరి వాలు పైకి వచ్చాక ఆగి, టైర్లలో గాలి తీసి, చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి తొక్కడం ఆపేశాను.

అప్పుడు వినపడింది. నా సైకిలు చేసే చప్పుడు పద్నాలుగేళ్లలో మొదటిసారి విన్నాను. మొదట ఒకటొకటిగా, తర్వాత కలిసిపోయి వాన పడ్డట్టు. బ్రేకు మీద వేళ్లు బిగిస్తే తగ్గింది, వదిలితే పెరిగింది. ఏ రాయి దగ్గర నేను భయపడ్డానో అందులో ఉంది, ఏ మలుపులో ధైర్యం చేశానో అందులో ఉంది. దాచడానికేమీ లేదు. కళ్లు మూసుకుందామనుకున్నాను, ధైర్యం చాల్లేదు.

వాలు అయిపోయేదాకా తొక్కలేదు. కింద నేల చదునయ్యాక చప్పుడు నెమ్మదించి, మళ్లీ ఒకటొకటిగా విడిపోయి, ఆగింది. ఒక కాలు నేలకి ఆనించి, వెనక్కి తిరగకుండా, ఆయన వచ్చి ఆగడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు అక్కడే నిలబడ్డాను.